షో కుక్కపిల్ల కోసం బ్రీడర్ దగ్గరికి వెళ్లేముందు

చెన్నైలో చలికాలం డాగ్ షోలు (మేలుజాతి కుక్కల పోటీలు) దగ్గరపడగానే వాట్సాప్ గ్రూపుల్లో ‘షో క్వాలిటీ పప్పీ, రెండే మిగిలాయి’ అనే మెసేజ్‌లు మొదలవుతాయి. తొందరపడి అడ్వాన్స్ పంపకండి. మంచి బ్రీడర్ (మేలుజాతి కుక్కల్ని జత కట్టించి పిల్లల్ని అమ్మేవారు) దగ్గర చాలాసార్లు జత కట్టించకముందే పిల్లలు బుక్ అయిపోతాయి. కుక్క చూలు సుమారు 63 రోజులు, ఆపైన పిల్ల తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండాలి. అంటే ఎలాగూ నాలుగు నెలలు ఆగాలి. ఆ నాలుగు నెలలూ బ్రీడర్‌తో పరిచయం పెంచుకోవడానికి వాడుకోండి.

పరిచయానికి షో గ్రౌండే మంచి చోటు. కాకపోతే వేళ చూసుకోవాలి. పోటీ జరిగే రింగ్‌లోకి వెళ్లబోయే కుక్కను టేబుల్ మీద నిలబెట్టి దువ్వుతున్నప్పుడు దాన్ని నిమరొద్దు, రేటు అడగొద్దు. జడ్జింగ్ అయ్యాక, వాళ్లు కుర్చీలో కూర్చుని నీళ్లు తాగేటప్పుడు పలకరించండి. ‘మీ కుక్కలో మీకు నచ్చనిదేంటండీ?’ అని అడగండి. భుజం కాస్త నిటారుగా ఉందనో, తోక ఎత్తుగా పెడుతుందనో దాచకుండా చెప్పే మనిషిని వదులుకోకండి. మీ ఇల్లు ఎంత, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, మే నెల ఎండలో ఏం చేస్తారు అని ఆయన మిమ్మల్ని ప్రశ్నలు వేస్తే నొచ్చుకోవద్దు. నా దృష్టిలో అసలు భయపడాల్సింది ఏమీ అడగకుండా అకౌంట్ నంబర్ పంపేవాళ్లకే.

బ్రీడర్ కుక్కల్ని పెంచే చోటు, అంటే కెన్నెల్ చూడ్డానికి వెళ్తే ఆ రోజు ఇంకో కెన్నెల్‌కి వెళ్లకండి. పార్వో వైరస్ చెప్పులకూ బట్టలకూ అంటుకుని వస్తుంది, టీకాలు పూర్తికాని పిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. గేటు దగ్గరే చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, అడగందే పిల్లల్ని ఎత్తుకోకుండా ఉంటే మీ మీద గురి కుదురుతుంది.

తల్లి కుక్కను చూపించని చోట పిల్లను కొనొద్దు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. షోకి తిప్పాలంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే జాతి రిజిస్ట్రేషన్ పేపర్లు కావాలి. దాని ఆఫీసు చెన్నైలోనే ఉంది కాబట్టి ‘పేపర్లు తర్వాత పంపుతాం’ అంటే నమ్మక్కర్లేదు. పిల్ల మెడ దగ్గర స్కానర్ పెట్టించి, చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ నంబరు పేపర్ల మీద ఉన్నదేనా అని అంకె అంకె సరిచూడండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీలు లోపం లేదని తెలుసుకోవడానికి తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి.

తమిళనాడులో మన తెలుగు రాజులు స్థిరపడ్డ ఊరి పేరున్న రాజపాళయం కుక్క కావాలంటే వినికిడి తప్పకుండా చూడాలి. ఆ తెల్ల జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుంటుంది. చెవుడున్న పిల్ల తోడు పిల్లల్ని చూసి అటే తిరుగుతుంది, అందుకే బయటపడదు. దాన్ని ఒక్కదాన్నే వేరే గదిలో వదిలి, వెనకనుంచి తాళాల గుత్తి ఆడించి చూడండి.

ఎనిమిది వారాల పిల్ల ఛాంపియన్ అవుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పాలపళ్లు చక్కగా కలిసినా, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కింది దవడ ముందుకు రావచ్చు. మగపిల్లకు రెండు వృషణాలూ కిందికి దిగకపోతే షో ఆశ వదులుకోవాల్సిందే. అలాంటప్పుడు డబ్బు కొంత వెనక్కి ఇస్తారా, వేరే పిల్లను ఇస్తారా, మున్ముందు దానికి పుట్టే పిల్లల్లో బ్రీడర్‌కు వాటా ఉంటుందా అన్నవి కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఎంత స్నేహమున్నా ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇంటికి తెచ్చాక ఇబ్బంది వచ్చినప్పుడు మాత్రమే ఫోన్ చేయకండి. నెలకోసారి పక్కనుంచి నిలబెట్టిన ఫొటో, బరువు పంపుతూ ఉండండి. మొదటి షోకి ఎంట్రీ వేసేముందు ఒకసారి కుక్కను బ్రీడర్‌కు చూపించండి, ఇంకో రెండు నెలలు ఆగమంటే ఆగండి.