లినక్స్‌లో ఎంఎస్ ఆఫీస్: ముందు ఫోల్డర్ వేరు చేయండి

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్‌లో ఆగిపోయాక, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్‌లకు ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసుకుంటున్న మన మారతహళ్లి వాళ్లకు ఈ చిట్కా.

లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్ వైన్. అందులో నడపాలంటే ఆఫీస్ 2010, 32 బిట్ వెర్షన్ తీసుకోండి. కొత్త మైక్రోసాఫ్ట్ 365 జోలికి పోవద్దు, దాని ఇన్‌స్టాలర్, లాగిన్ దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంది. వైన్ మామూలుగా తయారుచేసే ఫోల్డర్ 64 బిట్‌ది. అందులో ఆఫీస్ ఎక్కించకండి. టెర్మినల్‌లో వైన్‌ప్రిఫిక్స్ (WINEPREFIX, ఫోల్డర్ ఎక్కడో చెప్పే సెట్టింగ్)కి కొత్త ఫోల్డర్ పేరు, వైన్‌ఆర్క్ (WINEARCH, 32 బిట్టా 64 బిట్టా అని చెప్పే సెట్టింగ్)కి విన్32 (win32) ఇచ్చి, ఆ తర్వాతే వైన్ సెట్టింగ్‌ల కిటికీ వైన్ కాన్ఫిగ్ (winecfg) తెరవండి. ఒకసారి తయారయ్యాక 64ని 32గా మార్చడం కుదరదు, ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. వైన్ 32 బిట్ ప్యాకేజీ కూడా ఉండాలి.

విన్‌బైండ్ (winbind) ప్యాకేజీ ముందే వేసుకోండి, లేకపోతే సెటప్ మధ్యలో ఎన్‌టీఎల్‌ఎం (విండోస్ లాగిన్ పద్ధతి) ఎర్రర్ వస్తుంది. పవర్‌పాయింట్ తెరుచుకోకపోతే వైన్‌కి కావాల్సిన విండోస్ ఫైళ్లు ఎక్కించే వైన్‌ట్రిక్స్ (winetricks)లో రిచ్‌ఎడ్20 (riched20) వేయండి, చాలావరకు అదే మందు.

తెలుగు ఫైళ్లకు అసలు చిక్కు ఫాంట్. గౌతమిలో టైప్ చేసిన లేఖ, ఆ ఫాంట్ లేని చోట వేరే ఫాంట్‌తో తెరుచుకుని లైన్లు, పేజీలు జరిగిపోతాయి. లైసెన్స్ ఉన్న విండోస్ నుంచి గౌతమి, వాణి, నిర్మలా ఫాంట్లు తెచ్చి వైన్ ఫోల్డర్‌లో విండోస్ అనే ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌లో పెట్టండి. విండోస్ 10లో మొదటి రెండూ కనబడకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించాలి.

ఆఫీస్ 2010కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020లోనే ఆగిపోయాయి. మెయిల్‌లో వచ్చిన మ్యాక్రో (లోపల చిన్న ప్రోగ్రాం ఉన్న) ఫైళ్లు అందులో తెరవకండి.