ఆశువుగా వాయించిన జాజ్ ఆల్బమ్‌ను సమీక్షలో ఇతర కళాకారులతో ఎలా పోల్చాలి?

సంగీత సమీక్ష రాసేవారికి పోలిక తప్పదు. ఆల్బమ్‌ను ఇంకా వినని పాఠకుడికి అందులోని ధ్వనిని మాటల్లో అందించాలంటే, అతను ఇదివరకే విన్నదేదో ఒకటి ఆసరాగా కావాలి. అయితే వాద్యకారులు వేదిక మీదనో స్టూడియోలోనో అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయించిన జాజ్ ఆల్బమ్ విషయంలో ఈ ఆసరా తేలికగా జారిపోతుంది. ముందే కూర్చిన పాటలో బాణీ, నిర్మాణం స్థిరంగా ఉంటాయి కనుక దానిని మరొక పాట పక్కన పెట్టి చూడవచ్చు. ఆశువుగా పుట్టిన సంగీతంలో అలా స్థిరంగా నిలిచేది చాలా తక్కువ. అదే వాద్యకారుడు మరునాడు అదే వేదికపై పూర్తిగా వేరొకటి వాయించవచ్చు. అందువల్ల ఒక మనిషి పేరు పక్కన మరొక మనిషి పేరు రాసి ఊరుకుంటే పాఠకుడికి దక్కేది శూన్యం. ఒక రికార్డింగులో వినిపించిన ఒక లక్షణాన్ని మరొక రికార్డింగులోని అదే లక్షణంతో పోల్చినప్పుడే ప్రయోజనం ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆ పని చేసే పద్ధతిని కింద వరుసగా వివరిస్తున్నాను.

1. మొదటిసారి పేర్లేవీ రాయకుండా వినండి

కాగితం మీద నిమిషాలూ సెకన్లూ వేసుకుని, ఆ చోట ఏమి వినిపించిందో మాత్రమే రాయండి. డ్రమ్స్ ఎప్పుడు ఆగాయి, సాక్సఫోన్ ఏ స్థాయిలో మొదలై ఎక్కడికి చేరింది, ఎవరు ఎవరికి చోటు ఇచ్చారు వంటి వివరాలు చాలు. ఎవరి పేరైనా మనసులో మెదిలితే దానిని పక్కన పెట్టండి. పేరు ముందుగా కాగితం మీదకు వస్తే, ఆ తరువాత చెవి ఆ పేరుకు సరిపోయే సాక్ష్యాలనే వెతకడం మొదలుపెడుతుంది.

2. ఇందులో ఎంత ఆశువో, ఎంత ముందే నిర్ణయమో తెలుసుకోండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువ సమయం వెచ్చించండి, ఎందుకంటే "ఆశువు" అనే ఒక్క మాట కింద చాలా వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. 1939 అక్టోబరు 11న సాక్సఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ రికార్డు చేసిన 'బాడీ అండ్ సోల్'లో పాట అందరికీ తెలిసినదే. ఆయన అసలు బాణీని మొదట్లో కొద్దిగా తాకి వదిలేసి, ఆ పాటలోని కార్డ్‌ల వరుస మీద, అంటే కలిపి మోగించే స్వరాల క్రమం మీద, కొత్త గీతాన్ని అల్లుకుంటూ పోయాడు. 1959లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ కోసం తన బృందానికి కొద్దిపాటి స్వరశ్రేణులనూ రేఖామాత్రపు బాణీలనూ ఇచ్చాడు. 1960 డిసెంబరు 21న రికార్డయిన సాక్సఫోన్ వాద్యకారుడు ఓర్నెట్ కోల్‌మన్ ఆల్బమ్ 'ఫ్రీ జాజ్'లో రెండు నలుగురి బృందాలు, ఒకటి ఎడమ స్పీకరులో, రెండవది కుడి స్పీకరులో, కొన్ని చిన్న సామూహిక ఘట్టాలను మాత్రమే ఆనవాళ్లుగా పెట్టుకుని సుమారు 37 నిమిషాలు ఏకధాటిగా వాయించాయి.

ఈ తేడా పోలికను నేరుగా ప్రభావితం చేస్తుంది. ఒకే పాట మీద ఇద్దరు ఆశువుగా వాయిస్తే పోల్చడానికి ఉమ్మడి నేల దొరుకుతుంది. హాకిన్స్ 'బాడీ అండ్ సోల్' పక్కన మరొక సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 1960లో రికార్డు చేసిన అదే పాటను పెడితే, ఎవరు ఏది ఉంచారో, ఏది మార్చారో స్పష్టంగా చూపించవచ్చు. అటువంటి ఉమ్మడి నేల లేని ఆల్బమ్‌కు ఆ కొలబద్ద పనికిరాదు.

వాయించిన పరిస్థితులను కూడా తెలుసుకోవాలి. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ ఒపేరా భవనంలో పియానో వాద్యకారుడు కీత్ జారెట్ ఒంటరిగా ఇచ్చిన కచేరీ 'ది కోల్న్ కాన్సర్ట్' ఆల్బమ్‌గా వచ్చింది. ఆ సాయంత్రం ఆయన కోరిన పియానోకు బదులు ఒక చిన్న పియానో వేదిక మీద ఉంది. దాని పై స్వరాలు పలచగా, మంద్ర స్వరాలు బలహీనంగా మోగేవి. అందుకే ఆయన మధ్య స్థాయిలో ఎక్కువసేపు నిలిచి, ఎడమచేతితో ఒకే లయరూపాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ మంద్రంలోని లోటును పూరించాడు. ఈ సంగతి తెలియని సమీక్షకుడు ఆ ఆవృత్తికి మూలం వేరే కళాకారుల దగ్గర వెతుకుతూ కూర్చునే ప్రమాదం ఉంది. మరొక విషయం కూడా ఉంది: పూర్తిగా ఆశువుగా పేరొందిన ఈ ఆల్బమ్‌లో చివరి చిన్న భాగం జారెట్ అంతకుముందే కూర్చుకున్న బాణీ. కనుక ఆల్బమ్ మొత్తానికి ఒకే తీర్పు చెప్పకుండా భాగాలవారీగా చూడాలి.

3. పేరు తట్టగానే "ఏ రికార్డింగు?" అని ప్రశ్నించుకోండి

టెనర్ సాక్సఫోన్ ఉధృతంగా మోగిన ప్రతిచోటా సమీక్షలలో కోల్‌ట్రేన్ పేరు కనిపిస్తుంది. కానీ 1957లోని 'బ్లూ ట్రేన్', 1964 డిసెంబరులో రికార్డయిన 'ఎ లవ్ సుప్రీమ్', 1967 ఫిబ్రవరిలో డ్రమ్స్ వాద్యకారుడు రషీద్ అలీ ఒక్కడినే తోడు పెట్టుకుని వాయించిన 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్' వింటే, పదేళ్లలో ఆయన ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది. మీరు పోలుస్తున్నది ఇందులో దేనితోనో ఆల్బమ్ పేరుతో, సంవత్సరంతో సహా రాయండి. అలా రాయలేకపోతే ఆ పేరును తొలగించండి.

మరొకరి దగ్గరకు వెళ్లేముందు ఆ కళాకారుడి సొంత రికార్డింగులనే పక్కన పెట్టి చూడడం మంచిది. ఆశువుగా వాయించేవారిని అర్థం చేసుకోవడానికి వారి పాత రాత్రులే అన్నింటికన్నా నమ్మకమైన ఆధారం, అయినా సమీక్షలలో ఈ పోలికే చాలా అరుదుగా కనిపిస్తుంది.

4. పోలికను ఒక లక్షణానికి కుదించండి

నాదం తీరు, వాక్యాల పొడవు, లయతో సంబంధం, స్వరాల ఎంపిక, తోటివారితో సంభాషణ: వీటిలో మీకు సామ్యం ఎక్కడ వినిపించిందో తేల్చుకోండి. సమష్టిగా ఆశువు చెప్పే బృందాలలో చివరిది అన్నింటికన్నా ముఖ్యమైనది, సమీక్షకులు తరచుగా మరిచిపోయేది కూడా అదే.

దీనికి బేస్ (మంద్ర స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) వాయించిన స్కాట్ లఫారో మంచి ఉదాహరణ. పైన చెప్పిన 'ఫ్రీ జాజ్'లో ఎడమ స్పీకరులోని బేస్ ఆయనది. కుడివైపు చార్లీ హేడెన్ బేస్ వాయిస్తున్నాడు. ఆరు నెలల తరువాత, 1961 జూన్ 25న, న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్‌లో అదే లఫారో పియానో వాద్యకారుడు బిల్ ఎవన్స్, డ్రమ్స్ వాద్యకారుడు పాల్ మోషన్‌లతో కలిసి వాయించాడు. తరువాత రెండు వారాలు తిరగకముందే, పాతికేళ్ల వయసులో, రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఒక చోట ఎనిమిది మంది హోరు మధ్య మరొక బేస్‌తో అల్లుకుంటూ, రెండవ చోట నెమ్మది పాటలలో పియానోకు ఎదురు వాక్యాలు చెబుతూ ఆయన వాయించిన తీరు వింటే, వాద్యకారుడి వాదనాన్ని చుట్టూ ఉన్నవారు ఎంతగా మలుస్తారో తెలుస్తుంది. కాబట్టి బేస్ వాద్యకారుడిని లఫారోతో పోల్చదలిస్తే, పక్కన ఎవరున్నప్పటి లఫారో అన్నది కూడా చెప్పాలి.

5. సామ్యాన్ని ప్రభావంగా ప్రకటించకండి

ఇద్దరి వాదనం ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకరు మరొకరి నుంచి నేర్చుకున్నారని చెప్పలేము. ఇద్దరూ మూడవ వ్యక్తిని విని ఉండవచ్చు. కళాకారుడు స్వయంగా చెప్పినప్పుడు మాత్రమే "ప్రభావం" అనే మాట వాడండి. ఇంగ్లండుకు చెందిన సాక్సఫోన్ వాద్యకారుడు ఎవన్ పార్కర్ కోల్‌ట్రేన్‌కు తాను ఎంత రుణపడి ఉన్నాడో బహిరంగంగానే చెప్పాడు. అయినా శ్వాస ఆపకుండా ఆయన సొప్రానో సాక్సఫోన్ మీద నిర్మించే పొరలు పొరల ధ్వని కోల్‌ట్రేన్‌లో వినిపించదు. ఇక నోటి వెంట తేలికగా వచ్చిన పోలిక కళాకారుడిని ఎంత కాలం వెంటాడగలదో సాక్సఫోన్ వాద్యకారుడు సోనీ స్టిట్ జీవితంలో చూడవచ్చు. ఆల్టో సాక్సఫోన్ వాయించిన చార్లీ పార్కర్‌కు అనుకరణ అనే మాట పదేపదే వినవలసి రావడంతో, 1940ల చివరికి స్టిట్ ఆల్టోను తగ్గించి, అంతకన్నా మంద్రంగా పలికే టెనర్ సాక్సఫోన్ వైపు మళ్లాడు.

6. తేడాను కూడా అదే వాక్యంలో రాయండి

"జారెట్ బిల్ ఎవన్స్‌ను తలపిస్తాడు" అని రాస్తే అది తప్పు కాకపోవచ్చు, కానీ అందులో సమాచారం లేదు. దానిని ఇలా విస్తరించవచ్చు: "నెమ్మదిగా సాగే చోట్ల కుడిచేతి గీతం కింద మధ్య స్వరాలు కదిలే తీరు 1961 నాటి వ్యాన్‌గార్డ్ రికార్డింగులలోని ఎవన్స్‌ను గుర్తుచేస్తుంది, అయితే ఎవన్స్ పాట చట్రాన్ని వదలకుండా కార్డ్‌లను మారుస్తూ ముందుకు సాగితే, జారెట్ రెండే కార్డ్‌ల మీద నిమిషాల తరబడి నిలిచి, ఎడమచేతి ఆవృత్తితో ఉద్వేగాన్ని పెంచుతాడు." ఎవన్స్ పేరే వినని పాఠకుడికి కూడా ఈ వాక్యంలో కొంత సంగీతం అందుతుంది. ఒక సమీక్షకు ఇటువంటి పోలికలు రెండు చాలు.

7. కర్ణాటక సంగీతంతో పోల్చేటప్పుడు

తెలుగు పాఠకులకు రాసేటప్పుడు మనోధర్మ సంగీతం, అంటే కళాకారుడు అప్పటికప్పుడు కల్పించే భాగం, సహజంగానే గుర్తుకు వస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు కనుక ఈ రెండు లోకాల మధ్య దారి నిజంగానే ఉంది. కానీ జాజ్ సోలోను, అంటే ఒక వాద్యకారుడు ముందుండి ఆశువుగా వాయించే భాగాన్ని, మొత్తంగా రాగాలాపనతో పోల్చడం చాలాసార్లు పొరపాటు. ఆలాపనకు తాళం లేదు. జాజ్ సోలో సాధారణంగా లయ మీద, తరచుగా మారే కార్డ్‌ల మీద నడుస్తుంది. స్వరాలను అప్పటికప్పుడు అల్లుతూ తాళంలో నడిచి, పాట ఎత్తుగడకు తిరిగి వచ్చే కల్పనస్వరం దానికి మరికొంత దగ్గర. సాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ 1956లో రికార్డు చేసిన 'బ్లూ సెవెన్'లో మొదటి చిన్న ఇతివృత్తాన్నే మళ్లీ మళ్లీ తీసుకుని విస్తరించే పద్ధతికి, ఒకే సాహిత్య పంక్తిని తాళంలో కొత్తగా పరిచే నెరవల్ నాకు మరింత సరైన పోలికగా తోస్తుంది. ఇక్కడ కూడా ఏ అంశం కలిసిందో, ఏది కలవలేదో చెప్పి తీరాలి.

8. పోలికను తీర్పుగా వాడకండి

'ఫ్రీ జాజ్'కు అమెరికా పత్రిక 'డౌన్‌బీట్' 1962లో రెండు సమీక్షలు ప్రచురించింది. పీట్ వెల్డింగ్ అయిదు నక్షత్రాలు ఇచ్చాడు, జాన్ టైనన్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఇద్దరూ విన్నది ఆ ఎనిమిది మందినే. కొలబద్ద వేరైతే తీర్పు ఇంత దూరం జరుగుతుంది కనుక, "ఫలానావారి స్థాయికి చేరలేదు" అని రాయదలచినప్పుడు, ఈ బృందం అసలు ఆ స్థాయినే ఉద్దేశించిందా అని ముందుగా పరిశీలించండి. ఆ తరువాత మీ చిత్తుప్రతిలో ఇతర కళాకారుల పేర్లన్నింటినీ కొట్టివేసి ఒకసారి చదవండి. ఆల్బమ్ ఎలా వినిపిస్తుందో అప్పటికీ తెలుస్తుంటే పేర్లను తిరిగి చేర్చండి. తెలియకపోతే మొదటి మెట్టులో రాసుకున్న కాగితాన్ని మళ్లీ తీసి, ఆ వాక్యాలను కొత్తగా రాయండి.