డ్రోన్‌తో ఇళ్ల, స్థలాల చిత్రీకరణ – నాలుగో పాఠం: ఆకాశం ఎవరిది, పక్కింటి మేడ ఎవరిది?

గత మూడు పాఠాలలో డ్రోన్‌ను గాలిలో నిలకడగా ఉంచడం, ఎండ వాలును బట్టి వేళను ఎంచుకోవడం, భవనం చుట్టూ తిరుగుతూ దృశ్యాన్ని తీయడం అభ్యసించాం. ఈ పాఠంలో డ్రోన్ పెట్టెలోనే ఉంటుంది. విశాఖపట్నంలో ఫ్లాట్లు, వెంచర్లు అమ్మేవారి కోసం చిత్రాలు తీయదలచినవారు ఎగరడానికి ముందు తేల్చుకోవలసిన చట్టపరమైన సంగతులను, అంతకంటే ముఖ్యంగా చుట్టుపక్కలవారి గోప్యతను, ఇందులో చూద్దాం. బిల్డరు "మా సైటే కదండీ, తీసేయండి" అన్నంత మాత్రాన మనకు దొరికేది ఆ సైటులో నిలబడే అనుమతి మాత్రమే. దాని పైనున్న ఆకాశం కేంద్ర ప్రభుత్వ నియమాల కిందికి వస్తుంది. మన చిత్రంలో పడే పక్కింటి మేడ ఆ ఇంటివారిది. ఈ మూడింటినీ దేనికది విడిగా చూడడం అలవాటు చేసుకోవాలి.

ముందుగా ఆకాశం. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు మించనివి నానో తరగతికి, అంతకు మించి 2 కిలోల వరకు బరువున్నవి మైక్రో తరగతికి చెందుతాయి. ఇళ్ల చిత్రాలకు వాడేవి దాదాపుగా ఈ రెండు తరగతులలోనివే. మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అదే డ్రోన్‌తో వ్యాపార నిమిత్తం చిత్రాలు తీస్తే సర్టిఫికెట్ తప్పనిసరి. కొత్తవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే కనుక దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. పదో తరగతి ఉత్తీర్ణులై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్నవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పూర్తిచేసి దానిని పొందవచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది. డ్రోన్‌కు ప్రభుత్వం ఇచ్చే నమోదు సంఖ్య ఉండాలి. నానో కంటే పెద్దదైతే ఇతరులకు కలిగే నష్టానికి బీమా కూడా ఉండాలి. నియమాలను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ వేదిక అయిన డిజిటల్ స్కైలో దేశపటం మొత్తం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా కనిపిస్తుంది. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు మండలం మొదలవుతుంది కనుక అక్కడ ఏ ఎత్తున ఎగరేయాలన్నా విమాన రాకపోకల నియంత్రణ విభాగం అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, 12 కిలోమీటర్లు దాటాక 400 అడుగుల వరకు సాధారణంగా ఆకుపచ్చ మండలమే. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయరాదు.

విశాఖలో ఈ లెక్క మిగతా ఊళ్లంత తేలిక కాదు. మన విమానాశ్రయం నౌకాదళ వైమానిక స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాతో కలిసి ఉంది. ఇదే ఊళ్లో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, ఓడరేవు, హిందుస్థాన్ షిప్‌యార్డ్, చమురుశుద్ధి కర్మాగారం ఉన్నాయి. గాజువాకలో ఒక అపార్ట్‌మెంటును తీయాలన్నా, మధురవాడలో ఒక లేఅవుట్‌ను తీయాలన్నా మొదట చేయవలసిన పని ఒకటే: ఆ చిరునామాను పటంలో గుర్తించి, రంగు చూసి, తేదీతో సహా ఆ తెర చిత్రాన్ని (స్క్రీన్‌షాట్) భద్రపరచుకోవాలి. పటం మారుతూ ఉంటుంది. పైగా పోలీసు సూపరింటెండెంట్ గాని అంతకు పై హోదా గల అధికారి గాని ఒక ప్రాంతాన్ని ఒక్కో విడతలో 96 గంటల వరకు తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. సాగరతీరంలో నౌకాదళ విన్యాసాలు, ప్రముఖుల పర్యటనలు జరిగే ఊరు కనుక చిత్రీకరణ రోజు ఉదయం కూడా మరోసారి చూసుకోవాలి.

మన డ్రోన్ ఆకుపచ్చ మండలంలో ఉన్నా దాని కంటికి దూరాన నౌకాదళ రేవు కనబడవచ్చు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నిషిద్ధ ప్రదేశాల చిత్రాలను చాలా తీవ్రంగా పరిగణిస్తుంది. కాబట్టి డాల్ఫిన్ నోస్ కొండ, రేవు ఉన్న దిక్కుకు కెమెరాను తిప్పకుండా దృశ్యాన్ని కూర్చుకోవడమే మంచిది. ఎండాడ, మధురవాడల పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యంలోకి వెళ్లి తీయాలంటే అటవీశాఖ అనుమతి వేరే కావాలి.

ఇక గోప్యత. జీవించే హక్కులో గోప్యత అంతర్భాగమని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరం రుజువైనా ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ కూడా అనుమతి లేకుండా శరీర రహస్యాంగాల చిత్రాన్ని తీయడాన్ని, పంపడాన్ని, ప్రచురించడాన్ని శిక్షిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారాల మీద దాని ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత అమలులోకి వస్తాయి. సొంత, ఇంటి అవసరాలకు ఆ చట్టం ఇచ్చిన మినహాయింపు అమ్మకపు ప్రకటనకు వర్తించదు కనుక, గుర్తుపట్టగలిగేలా మనిషి ముఖం పడిన చిత్రాన్ని ఇప్పటినుంచే జాగ్రత్తగా చూడాలి.

చట్టం సంగతి అలా ఉంచితే, మన ఊళ్లో మేడ అంటే ఇంట్లో ఒక గదే. అక్కడ అప్పడాలు, వడియాలు ఎండబెడతారు, బట్టలు ఆరేస్తారు, తలంటుకున్న ఆడవాళ్లు జుట్టు ఆరబెట్టుకుంటారు, వేసవి రాత్రుళ్లు పక్కలు వేసుకుంటారు. పిట్టగోడ ఎత్తు వీధిలో వెళ్లేవారి చూపును ఆపుతుందన్న నమ్మకంతోనే వారు అంత నిశ్చింతగా ఉంటారు. డ్రోన్ ఆ గోడను లెక్కలోకి రానివ్వదు. కనుక ఆ గోడ చేసే పనిని మన కెమెరా కోణం చేయాలి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన అసలు నైపుణ్యం ఇదేనని నా అభిప్రాయం.

కోణాన్ని లెక్కగట్టే పద్ధతి ఇది. కెమెరా నిలువు దృష్టికోణం, అంటే చిత్రం పై అంచు నుంచి కింది అంచు వరకు ఉండే కోణం, సుమారు 50 డిగ్రీలు అనుకుందాం. డ్రోన్ 30 మీటర్ల ఎత్తున ఉండగా కెమెరాను క్షితిజం నుంచి 20 డిగ్రీలే కిందికి వంచితే చిత్రం పై అంచు క్షితిజాన్ని దాటిపోతుంది. ఊరంతా చిత్రంలో పడుతుంది. 45 డిగ్రీలు వంచితే పై అంచు 20 డిగ్రీల వద్ద నిలుస్తుంది కనుక నేల మీద సుమారు 11 నుంచి 82 మీటర్ల దూరం వరకు కనబడుతుంది. 60 డిగ్రీలు వంచితే ఆ హద్దు దాదాపు 43 మీటర్లకు తగ్గుతుంది. 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు గల 200 గజాల స్థలం లోతు 14 మీటర్లే. అంటే 45 డిగ్రీల చిత్రంలో మనం అమ్మే స్థలంతో పాటు ఒకే వరుసలో మరో నాలుగిళ్ల మేడలు చేరతాయి. 60 డిగ్రీలలో రెండుకు మించవు. సూటిగా కిందికి చూస్తే నిలువునా 28 మీటర్లే పడుతుంది. ఎత్తు పెరిగితే ఈ దూరాలన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి కనుక, సైటుకు వెళ్లేముందే కాగితం మీద స్థలం కొలతలు గీసి, ఏ ఎత్తుకు ఏ కోణమో రాసుకోండి.

చిత్రీకరణకు ముందురోజు చుట్టుపక్కల ఇళ్లవారికి వేళను తెలియజేయాలని ఏ నియమమూ నన్ను ఒత్తిడి చేయకపోయినా నేను దానిని వదిలిపెట్టను. అపార్ట్‌మెంటు అయితే సంఘం కార్యదర్శితో మాట్లాడి, లిఫ్టు పక్కన ఇలాంటి చీటీ అంటిస్తే చాలు: "రేపు ఉదయం 8 నుంచి 9 గంటల వరకు పక్క స్థలాన్ని అమ్మకపు ప్రకటన కోసం డ్రోన్‌తో చిత్రిస్తున్నాము. మీ మేడ, బాల్కనీ కనబడితే ఆ భాగాన్ని మసకబరచిన తరువాతే ప్రచురిస్తాము. అభ్యంతరం ఉన్నవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు." ఎవరైనా పెద్దావిడ వచ్చి "బాబూ, మా మేడ తీయొద్దు" అంటే వాదనకు దిగకుండా కోణం మార్చాలి.

విశాఖలో మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది: సముద్రం కనిపించే ఫ్లాటు. డ్రోన్ 60 మీటర్ల ఎత్తుకు వెళితే రుషికొండ దగ్గరి ఏ భవనం మీద నుంచైనా సముద్రం నీలంగా పరుచుకుని ఉంటుంది. అమ్మేది మూడో అంతస్తు ఫ్లాటైతే, ఎదుటి భవనం అడ్డు వచ్చి, ఆ బాల్కనీలో నిలబడినవారికి నీటి చుక్క కూడా కనబడకపోవచ్చు. 2016 నాటి స్థిరాస్తి చట్టం (రెరా)లోని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన కొనుగోలుదారుకు బిల్డరు పరిహారం చెల్లించాలి. కొనుగోలుదారు వెనక్కి తగ్గాలనుకుంటే కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. కాబట్టి ఎత్తు నుంచి తీసిన చిత్రం మీద "పరిసరాల దృశ్యం, ఫ్లాటు నుంచి కనబడేది కాదు" అని రాయాలి. ఫ్లాటు నుంచి కనబడేది చూపాలంటే డ్రోన్‌ను బాల్కనీ ఎత్తున నిలపాలనిపిస్తుంది గాని, అప్పుడు ఎదుటివారి పడకగది కిటికీలు చిత్రంలోకి వస్తాయి. ఆ చిత్రాన్ని బాల్కనీలో నిలబడి చేతి కెమెరాతోనే తీయండి. రెరా నమోదు అవసరమైన వెంచర్ అయితే నమోదు సంఖ్య, ప్రాధికార సంస్థ వెబ్‌సైటు చిరునామా ప్రకటనలో స్పష్టంగా ఉండాలి. నమోదు కాని వెంచర్‌కు ప్రకటన చిత్రాలు అడిగితే పని ఒప్పుకోవద్దు.

బిల్డరుతో రాసుకునే ఒప్పందం క్లుప్తంగా ఉన్నా ఫరవాలేదు గాని రెండు విషయాలు అందులో ఉండాలి. డబ్బు తీసుకుని ఒకరి కోరికపై తీసిన ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైటు చట్టం 17వ సెక్షన్ కింద మొదటి హక్కుదారు ఆ చిత్రాన్ని కోరినవారే. మీ నమూనాలలో చూపుకొనే హక్కు మీకు కావాలంటే అది కాగితం మీద ఉండాలి. రెండోది, పొరుగువారు పడిన అసలు ఫైళ్లను బిల్డరుకు ఇవ్వబోమని, మసకబరచినవే అందజేస్తామని, అసలువి ఫలానా గడువులోగా చెరిపేస్తామని రాయాలి. ఇచ్చే చిత్రాల నుంచి అక్షాంశ రేఖాంశాల సమాచారాన్ని కూడా తొలగించాలి.

ఈ వారం అభ్యాసంగా మీ వీధిలోని ఒక ఇంటిని ఎంచుకోండి. పటంలో దాని మండలం చూసి, స్థలం కొలతలు గీసి, 20, 30, 40 మీటర్ల ఎత్తులలో పొరుగు మేడలు ఒకటికి మించకుండా ఉండే కోణాన్ని లెక్కగట్టండి. ఆ కాగితాన్ని దాచుకోండి. చిత్రాలలో ముఖాలను, వాహనాల నంబరు పలకలను మసకబరచే అయిదో పాఠంలో దానితో పని ఉంటుంది.