నురగ, వాపు, రాత్రి మెలకువ: కిడ్నీలో తేడా ఎక్కడొచ్చింది?

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే ల్యాబ్‌కి నడుం పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. "బాబూ, కిడ్నీ పోయిందేమో, క్రియాటినిన్ చెయ్యి" అంటారు. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరుగుతుంది. చాలాసార్లు ఆ నడుం నొప్పి కండరాలదే. కిడ్నీలో రాయి ఉంటే మెలితిప్పేస్తుంది గానీ, ఏళ్ల తరబడి నెమ్మదిగా పాడయ్యే కిడ్నీ సాధారణంగా నొప్పి పుట్టించదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మూత్రంలో నురగ, నీళ్లు పోసినా పోవడం లేదు

కిడ్నీ మన పిడికిలంత ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది, దాన్ని గ్లోమెరులస్ అంటారు. అదే జల్లెడ. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడకడితే, జల్లెడ వెనకున్న గొట్టాలు అందులో చాలావరకు మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం.

షుగర్, బీపీ ఏళ్లపాటు అదుపు తప్పితే ఈ జల్లెడ దెబ్బతిని అల్బుమిన్ అనే ప్రోటీన్ జారిపోతుంది. నురగ అందుకే. వేగంగా పోసినప్పుడు వచ్చి వెంటనే పోయే బుడగలకు టెన్షన్ పడకండి.

పొద్దున్నే పట్టిన మూత్రంతో ఏసీఆర్ టెస్ట్, అంటే మూత్రంలో క్రియాటినిన్‌తో పోలిస్తే అల్బుమిన్ ఎంత ఉందో చూసేది, చేయించండి. 30 mg/g దాటితే మళ్లీ చేయించాలి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే, క్రియాటినిన్ బాగున్నా అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. డాక్టర్లు తరచూ టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర రాస్తారు, అది జల్లెడ మీద ఒత్తిడి తగ్గిస్తుంది. మొదలుపెట్టాక క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. అది చూసి భయపడి సొంతంగా ఆపేసేవాళ్లు ఉంటారు. డాక్టర్‌కి రిపోర్టు చూపించకుండా ఆపొద్దు.

క్రియాటినిన్ 1.2 వచ్చింది, నార్మలేనా?

ఎవరిది అన్నదే ప్రశ్న. పాతికేళ్ల కుర్రాడికి 1.2 వస్తే వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, 86 దాకా ఉంటుంది. అరవై ఏళ్ల అమ్మకి అదే 1.2 వస్తే 52 చుట్టూ. 60 కంటే తక్కువ మూడు నెలలు దాటి కొనసాగితే జబ్బు కిందే లెక్క. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ కూడా అడగండి.

రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తోంది

గొట్టాలు నీటిని వెనక్కి లాగే శక్తి కోల్పోతే ఇలా అవుతుంది. షుగర్, ప్రోస్టేట్ కూడా కారణం కావచ్చు కాబట్టి అవీ చూపించుకోండి.

సాయంత్రానికి కాళ్ల వాపు

ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట అలాగే ఉండిపోతే నీరు చేరినట్టు. ఉప్పు బయటికి పోక, లేదా ప్రోటీన్ బాగా కారిపోయి నీరు నిలుస్తుంది. గుండె, లివర్ వల్లా రావచ్చు. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించకూడదు. ఆవకాయ, అప్పడం సంగతి అందరికీ తెలుసు, ఇరానీ చాయ్‌లో ముంచే ఉస్మానియా బిస్కెట్‌లోనూ ఉప్పుందని మర్చిపోతాం. "తక్కువ సోడియం" ఉప్పు మాత్రం అడగకుండా వాడొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పొచ్చు.

తగ్గని నీరసం

ఎర్ర రక్తకణాలు తయారు చేయమని చెప్పే హార్మోన్ కిడ్నీ నుంచే వస్తుంది. అది తగ్గితే రక్తహీనత. ఒక్కోసారి ఐరన్ మాత్రలొక్కటే చాలవు, ఇంజెక్షన్ కావాలి.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపు మాత్ర

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే వీటికి దూరంగా ఉండి, బదులు ఏం వాడాలో డాక్టర్‌నే అడగండి.

మూత్రం బాగా తగ్గిపోయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ల్యాబ్‌కి రాకండి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, ఏది దగ్గరైతే ఆ ఎమర్జెన్సీకే వెళ్లండి.