బూట్ మధ్యలో ఆగిన లినక్స్: ఎఫ్‌స్ట్యాబ్‌లో తప్పు పట్టుకోవడం

డిస్కు మార్చి రీబూట్ చేస్తే "ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అంటూ 90 సెకన్లు లెక్కపెట్టి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిందా? ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ వెతకొద్దు. అక్కడిదాకా వచ్చిందంటే గ్రబ్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) బాగుంది, కెర్నల్ లోడయింది, రూట్ ఫైల్‌సిస్టమ్ దొరికింది, సిస్టమ్‌డీ (మిగతా సర్వీసులను లేపే మొదటి ప్రోగ్రామ్) లేచింది. ఎక్కువసార్లు మిగిలేది /ఈటీసీ/ఎఫ్‌స్ట్యాబ్‌లో, అంటే ఏ డిస్కును ఏ ఫోల్డర్‌కు తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఫైల్లో, ఒక్క లైను. గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్‌లోనో, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ డిస్కు దొరికేదాకా వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) ప్రాంప్ట్‌లోనో ఆగితే అది వేరే జబ్బు. ఈ మందు పనిచేయదు.

ముందు షెల్, అంటే ఆదేశాలు టైప్ చేసే చోటు, దొరకాలి. రూట్ పాస్‌వర్డ్ ఇస్తే వస్తుంది. రూట్ ఖాతా లాక్ అయి ఉందని చెప్పి లోపలికి రానివ్వకపోతే రీబూట్ చేసి, గ్రబ్ మెనూలో 'ఈ' కీ నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే లైనులో 'ఆర్‌ఓ' (చదవడానికి మాత్రమే) ఉంటే 'ఆర్‌డబ్ల్యూ' (రాయడానికి కూడా) చేసి, చివర 'ఇనిట్=/బిన్/బ్యాష్' చేర్చి కంట్రోల్-ఎక్స్ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. ఇలా వచ్చిన షెల్‌లో సిస్టమ్‌డీ ఉండదు, కాబట్టి సిస్టమ్‌సీటీఎల్ పలకదు. పనయ్యాక 'సింక్' కొట్టి 'రీబూట్ -ఎఫ్' ఇవ్వాలి.

మామూలు ఎమర్జెన్సీ షెల్ అయితే 'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్' కొట్టండి. జర్నల్ (సిస్టమ్ లాగ్) అంతా చదివే కన్నా ఇదే దగ్గరి దారి. ఎస్‌ఆర్‌వీ-బ్యాకప్.మౌంట్ అన్న పేరు కనిపిస్తే దాని అర్థం /ఎస్‌ఆర్‌వీ/బ్యాకప్ మౌంట్ కాలేదని. దారిలోని '/' గీతలే హైఫన్లుగా మారతాయి. ఏదీ తేలకపోతే 'జర్నల్‌సీటీఎల్ -బి -పి ఈఆర్‌ఆర్'.

ఇప్పుడు 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' చూపే యూయూఐడీలను (ప్రతి ఫైల్‌సిస్టమ్‌కూ ఉండే గుర్తింపు సంఖ్యలను) ఎఫ్‌స్ట్యాబ్‌లో ఉన్నవాటితో పోల్చండి. పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కొత్తది వస్తుంది, ఫైల్లో పాతదే ఉండిపోతుంది. ఇది మొదటి అనుమానితుడు. రెండోది ఖాళీ. ఎఫ్‌స్ట్యాబ్‌లో ఫీల్డులను విడదీసేది ఖాళీయే, అందుకని 'డిఫాల్ట్స్,నోఏటైమ్' బదులు కామా తర్వాత స్పేస్ పడి 'డిఫాల్ట్స్, నోఏటైమ్' అయితే నోఏటైమ్ ఐదో ఫీల్డులోకి జారుతుంది. అక్కడ ఉండాల్సింది అంకె. కంటికి ఆనని తప్పు ఇది. ఫోల్డర్ పేరులోనే ఖాళీ ఉంటే దాని స్థానంలో '\040' రాయాలి.

సేవ్ చేసేటప్పుడు రీడ్-ఓన్లీ అంటే 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /'. ఫైలుకు ఒక కాపీ తీసుకుని, తప్పు లైనును సరిచేయండి. తెలియకపోతే ముందు '#' పెట్టి పక్కన పడేయండి. తర్వాత ఈ వరుస తప్పొద్దు: 'ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై', 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్', 'మౌంట్ -ఏ'. డీమన్-రీలోడ్ ఎందుకంటే, సిస్టమ్‌డీ ఎఫ్‌స్ట్యాబ్ నుంచి తయారు చేసుకున్న యూనిట్లనే వాడుతుంది. డీమన్-రీలోడ్ కొట్టేదాకా సిస్టమ్‌డీ దగ్గర పాతవే ఉంటాయి. 'ఇనిట్=/బిన్/బ్యాష్' షెల్‌లో ఉంటే ఇది ఒక్కటీ వదిలేయండి. కొట్టినవన్నీ గొణగకుండా పోయాకే రీబూట్.

తీసి పెట్టే డిస్కులకు 'నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్' పెట్టండి. డిస్కు లేకపోయినా బూట్ ముందుకు సాగుతుంది, దాని కోసం ఎదురుచూపు పది సెకన్లతో ముగుస్తుంది. అలాగని ప్రతి లైనుకూ నోఫెయిల్ తగిలించడం తెలివి కాదు. డేటాబేస్ ఉన్న డిస్కు మౌంట్ కాకపోతే, సర్వీసు లేచి ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే, అంటే రూట్ డిస్కు మీదే, రాసుకుంటూ పోవచ్చు. రేపు అసలు డిస్కు మౌంట్ కాగానే ఆ రాతలన్నీ దాని కింద దాక్కుంటాయి. అక్కడ నోఫెయిల్ తప్పదంటే, సర్వీసు యూనిట్‌లో 'రిక్వయిర్స్‌మౌంట్స్‌ఫర్=' పెట్టి ఆ ఫోల్డర్ దారి రాయండి; మౌంట్ లేకుండా అది లేవదు.

స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగాన్ని) ఎంకేస్వాప్‌తో మళ్లీ చేసినా యూయూఐడీ మారుతుంది. డెబియన్ కుటుంబంలో ఎఫ్‌స్ట్యాబ్ సరిచేశాక కూడా బూట్ మొదట్లో ఆలస్యమవుతుంటే /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్‌లో పాతది ఉందేమో చూడండి. అదీ మార్చి 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు' కొట్టాలి.

లినక్స్ కాని మరో యూనిక్స్ తరహా సిస్టమ్, ఫ్రీబీఎస్‌డీలో ఇదే వేషం ఆర్‌సీ.కాన్ఫ్ వేస్తుంది. అది షెల్ స్క్రిప్ట్‌లా చదవబడే సెట్టింగుల ఫైలు. ఒక్క కోట్ మూయకపోతే సింగిల్ యూజర్ మోడ్‌లోకి (మరమ్మతు షెల్‌లోకి) పడేస్తుంది. డిస్కు మీద యూఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే 'మౌంట్ -యు /' తో రాయదగ్గదిగా చేసి సరిదిద్దండి. ఎడిటర్ దొరకకపోతే /రెస్క్యూ/వీఐ ఉంటుంది. బయటికి వచ్చేముందు 'ఎస్‌హెచ్ -ఎన్ /ఈటీసీ/ఆర్‌సీ.కాన్ఫ్' కొడితే మూయని కోట్ ఇంకా ఉందేమో అక్కడే తెలుస్తుంది.