కాటన్ చీరకు గంజి నిలవడం లేదా? ముందు ఇది చూడండి

గంజి పెట్టి ఆరేశాక కూడా చీర మెత్తగా జారిపోతుంటే, దాదాపు అందరూ గంజిని ఇంకా చిక్కగా కాస్తారు. చూడాల్సింది గంజిని కాదు, దానికి ముందు చీరను దేనితో ఉతికారో.

సమస్య: గంజి చిక్కగానే ఉంది, చీర నిలబడటం లేదు

కారణం చాలాసార్లు ఆఖరి జాడింపులో వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్. అది నూలు పోగు మీద కొవ్వులాంటి పలచని పొరగా పట్టుకుంటుంది. బట్ట మెత్తబడేది ఆ జారుడు వల్లే. గంజి పని దానికి పూర్తిగా వ్యతిరేకం: పోగుల మధ్యకు ఇంకి, ఆరాక వాటిని ఒకదానికొకటి అతికించాలి. పొర ఉంటే సరిగా ఇంకదు. పైపైనే ఆరి, ఇస్త్రీ చేసేటప్పుడు పొడిగా రాలుతుంది.

ఇది దొరకని దొంగ. ఈసారి కండిషనర్ వేయకపోయినా పాత ఉతుకుల్లోది చీరలో మిగిలి ఉండొచ్చు. కొన్ని లిక్విడ్ డిటర్జెంట్లలో ముందే కలిపి ఉంటుంది, సీసా వెనక చదివితే గానీ తెలియదు. అందుకే "మేం కండిషనర్ వాడం" అన్నా సరే, ఆరిన చీర మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. బాగా ఉతికిన పాత కాటన్ వెంటనే పీల్చేస్తుంది. చుక్క గుండ్రంగా నిలిచిందంటే పొర ఉన్నట్టే.

రంగు దిగని చీరైతే మామూలు డిటర్జెంట్ పౌడర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఉతకండి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. ఆరాక మళ్లీ చుక్క వేసి చూడండి. ఇంకకపోతే మరోసారి ఉతకాలి. గంజి ఆ తర్వాతే.

సమస్య: ముదురు రంగు చీర మీద తెల్లమచ్చలు

గంజి ఉడకలేదు, లేదా వడకట్టలేదు. పిండి చల్లనీళ్లలో కరగదు. 60-80 డిగ్రీల వేడికి ఉబ్బి జిగురవుతుంది. సగ్గుబియ్యమైతే తెల్లటి గింజ కనిపించకుండా, మైదా అయితే పచ్చివాసన పోయేదాకా కాచి, పలచటి గుడ్డలో వడకట్టండి. చీరను ముందు తడిపి పిండాకే గంజిలో ముంచండి. పొడి చీర అయితే మొదట తగిలిన చోటే ఎక్కువ పీల్చుకుంటుంది.

ఇస్త్రీపెట్టెకు అంటుకుంటే గంజి ఎక్కువైంది, ఈసారి ఇంకాస్త నీళ్లు కలపండి.

ఇవేవీ కాకపోతే చీరలో పాలిస్టర్ కలిసి ఉండొచ్చు. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి: నూలు మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. అలాంటి చీరకు గంజి అంతంతమాత్రమే.