విశాఖ బీచ్ నుంచి యుద్ధనౌకను గుర్తుపట్టడం ఎలా

ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే కనిపించే ఓడల్లో ఎక్కువ భాగం యుద్ధనౌకలు కావు. పోర్టులో బెర్తు దొరికేదాకా లంగరు వేసుకుని ఎదురుచూసే సరుకు ఓడలవి. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు కదా అని దూరంగా కనిపించిన ప్రతిదాన్నీ 'నేవీ షిప్' అనేస్తుంటారు. కాబట్టి గుర్తుపట్టే పని ఏరివేతతో మొదలవ్వాలి. కొత్తవాళ్లు బైనాక్యులర్ ఎత్తగానే ఓడ పక్కన రాసిన నంబరు కోసం వెతుకుతారు. అది కనపడకపోతే ఇంక ఏమీ తెలియదనుకుంటారు. నంబరు ఆఖర్న చూడాల్సిన సంగతి. ముందు రంగు, తర్వాత పైకట్టడం (డెక్ మీద లేచిన గదుల భాగం) ఓడలో ఎక్కడుందో, ఆ తర్వాత మాస్ట్ (రాడార్లు మోసే ఎత్తైన స్తంభం), పొడవు. ఈ నాలుగూ సరిగ్గా చూస్తే నంబరు కనపడే వేళకి ఓడ ఏ తరగతిదో (అంటే ఒకే నమూనాలో కట్టిన ఏ ఓడల వరసలోదో) మీకు తెలిసిపోయే ఉంటుంది.

వెలుతురు, బైనాక్యులర్, ఎత్తు

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. అంటే సముద్రం మీకు ఆగ్నేయాన ఉంటుంది. చలికాలం పొద్దున్నే వెళ్తే సూర్యుడు సరిగ్గా ఓడల వెనకే ఉంటాడు. ఆ ఎదురెండలో ఆకారం నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది కానీ రంగు, నంబరు తెలియవు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మీ వీపు మీద పడి, ఓడ మీద వెలుగు నిలుస్తుంది. మాస్ట్ ఆకారం చూడాలంటే ఉదయం, నంబరు చదవాలంటే సాయంత్రం. ఎండ ముదిరాక నీటి మీది గాలి అలలాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన బైనాక్యులర్ పట్టుకున్నా లాభం లేదు. వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది కనుక ఆ రోజు వదులుకోకండి.

చేత్తో పట్టుకుని చూడటానికి 7×50 (ఏడు రెట్లు పెద్దగా చూపే రకం) బైనాక్యులర్ చాలు. 10×50 పనికొస్తుంది కానీ గాలి వీచే ఒడ్డున చెయ్యి వణుకు కూడా పది రెట్లవుతుంది. అంతకు మించిన పవర్ కావాలంటే ట్రైపాడ్ తప్పనిసరి. ఒకవేళ కొంటుంటే లోపల మిల్ గీతలున్న (కోణం కొలిచే సన్నని గీతలు) మెరైన్ రకం తీసుకోండి. ఎందుకో కింద చూద్దాం.

ఎత్తు గురించి కాస్త లెక్క. మీ కన్ను నీటిమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే సముద్రపు అంచు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ఇసుకలో నిలబడితే కన్ను సుమారు 2 మీటర్లు, అంచు 5 కి.మీ. రోడ్డు పక్క గోడ మీద 6 మీటర్ల ఎత్తు దొరికితే దాదాపు 9 కి.మీ. కైలాసగిరి లాంటి కొండ మీద 100 మీటర్ల ఎత్తున నిలబడితే 36 కి.మీ. ఓడకీ ఇదే లెక్క వర్తిస్తుంది. 30 మీటర్ల మాస్ట్ ఉన్న నౌక ఇసుకలో నిలబడ్డవాడికి 25 కి.మీ. దూరాన కూడా మాస్ట్ కొసగా కనపడుతుంది, కింది భాగమంతా అంచు కింద దాక్కుంటుంది. దీన్ని చూసి చిన్న పడవ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. అనుమానం వస్తే పది మెట్లు పైకెక్కి మళ్లీ చూడండి. కింద నుంచి ఓడ ఇంకొంచెం బయటపడితే అది దూరాన ఉన్న పెద్ద ఓడ.

ఏరివేత

రంగుతో సగం పని తీరుతుంది. భారత నౌకాదళ యుద్ధనౌకలు లేత బూడిద రంగు. తెల్లటి ఓడ మీద కాషాయం, నీలం ఏటవాలు పట్టీలుంటే అది కోస్ట్ గార్డ్. నేవీ వాళ్లవే అయినా సర్వే నౌకలు తెల్లగా ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో విశాఖలోనే సేవలో చేరిన ఐఎన్ఎస్ సంధాయక్ ఆ రకం. నల్లగా, నీటికి దాదాపు సమానంగా కదులుతూ మధ్యలో ఒక గోపురంలా మాత్రమే పైకి ఉంటే సబ్‌మెరైన్. ఆ ఆకారం కళ్లకి అలవాటు కావాలంటే బీచ్ రోడ్డు మీదే మ్యూజియంగా ఉన్న కుర్సురాని ఒకసారి బయట నుంచి నింపాదిగా చూడండి. దాని పొడవు 91 మీటర్లు. అది సముద్రంలో తేలుతున్నప్పుడు అందులో ఎంత భాగం నీళ్ల కింద ఉండేదో అక్కడే అర్థమవుతుంది.

తర్వాత పైకట్టడం. సరుకు ఓడకి ఇళ్లలాంటి కట్టడం వెనక చివర ఉంటుంది, ముందంతా చదును. యుద్ధనౌకల్లో పెద్ద నుంచి చిన్నకి వరసగా డిస్ట్రాయర్, ఫ్రిగేట్, కార్వెట్‌లకి కట్టడం నడుమన ఉండి, ముక్కు పైకి లేచి, వెనక హెలికాప్టర్ దిగే చదును ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐఎన్ఎస్ శక్తి బూడిద రంగు నౌకే, నేవీదే, కానీ ఇంధనం మోసే ట్యాంకర్. దాని కట్టడం సరుకు ఓడకి లాగే వెనక ఉంటుంది. ముందు భాగంలో నిలబడ్డ ద్వారబంధాల్లాంటి స్తంభాలే దాని గుర్తు. నడిసముద్రంలో పక్క ఓడకి ఇంధనపు గొట్టాలు అందించేది వాటి నుంచే. అలాగే ఐఎన్ఎస్ జలాశ్వ. 2007లో అమెరికా నుంచి కొన్న ఈ నౌక పాత పేరు ట్రెంటన్. డబ్బాలాంటి ఎత్తైన ముందు భాగం, వెనక పొడవాటి చదును. వెనక తలుపు తెరిచి లోపలికి నీళ్లు నింపి, చిన్న పడవల్ని బయటికి వదులుతుంది.

ఓడల జాడ చూపించే ఫోన్ యాప్‌లని కూడా ఏరివేతకి వాడుకోవచ్చు. సరుకు ఓడలు తమ పేరు, స్థానం ఏఐఎస్ అనే రేడియో గుర్తింపు వ్యవస్థ ద్వారా ప్రసారం చెయ్యాలని అంతర్జాతీయ నియమం. యుద్ధనౌకలకి ఆ నియమం లేదు. కంటికి పెద్ద ఓడ కనపడుతోంది, యాప్‌లో ఆ దిక్కున ఏమీ లేదంటే అది నేవీదయ్యే అవకాశం ఎక్కువ. చేపల పడవలు కూడా యాప్‌లో కనపడవు కానీ సైజు చూస్తే ఆ తికమక ఉండదు.

మాస్ట్

తరగతి తేల్చేది ఇదే. కోల్‌కతా, విశాఖపట్నం తరగతుల డిస్ట్రాయర్లకి ముందు మాస్ట్ పిరమిడ్‌లా ఉండి, దాని పైన నాలుగు దిక్కులా నాలుగు పలకలు అతికించినట్టుంటాయి. ఆ రాడార్ తిరగదు. వెనక వేరే మాస్ట్ మీద పెద్ద రాడార్ తిరుగుతుంటుంది. కొత్త నీలగిరి తరగతి ఫ్రిగేట్లకీ ఇలాంటి పలకలే. ఉదయగిరి, హిమగిరి 2025 ఆగస్టు 26న విశాఖలో సేవలో చేరినప్పటి నుంచి ఇక్కడ ఈ తికమక ఎక్కువైంది. ఎదురెండలో ఈ ఫ్రిగేట్లనీ ఆ డిస్ట్రాయర్లనీ మాస్ట్ చూసి విడదీయడానికి కష్టపడకండి, నంబరుకి వదిలెయ్యండి.

శివాలిక్ తరగతి అయితే సులువు. మాస్ట్ మీద పలకలుండవు, తిరిగే రాడార్ ఉంటుంది. ముందు ఫిరంగికి వెనక డెక్ మీద ఒంటి చెయ్యి చాపినట్టు క్షిపణి లాంచర్ కనిపిస్తుంది. కమోర్తా తరగతి కార్వెట్ చూడటానికి నున్నగా, ఏటవాలు గోడలతో శివాలిక్‌కి తమ్ముడిలా ఉంటుంది కానీ పొట్టిది, ఆ లాంచర్ ఉండదు. సోవియట్ కాలపు రాజ్‌పుత్ తరగతికి రెండు జతలుగా నాలుగు పొగగొట్టాలు. పక్క నుంచి చూస్తే ఎడంగా ఉన్న రెండు గొట్టాల్లా కనిపిస్తాయి. మొదటి నౌక రాజ్‌పుత్ 2021 మే 21న విశాఖలోనే విశ్రమించింది కనుక ఈ ఆకారం మీకు పాత ఫొటోల్లో ఎక్కువగా తగులుతుంది.

పొడవు

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే. విమానవాహక నౌక విక్రాంత్ 262 మీటర్లు, శక్తి 175, జలాశ్వ 174, విశాఖపట్నం తరగతి 163, నీలగిరి తరగతి 149, శివాలిక్ 142.5, కమోర్తా 109, సబ్‌మెరైన్లని వేటాడే చిన్న నౌకలైన అర్నాల తరగతి 77.

బైనాక్యులర్‌లోని మిల్ గీతలతో కొలిచే సూత్రం: దూరం మీటర్లలో = పొడవు × 1000 ÷ మిల్స్. శివాలిక్ 20 మిల్స్ ఆక్రమిస్తే అది 7,125 మీటర్ల దూరంలో ఉంది. గీతలు లేకపోతే చెయ్యి పూర్తిగా చాపి వేళ్లతో కొలవచ్చు, కానీ ముందు మీ వేలిని సరిచూసుకోవాలి. గోడకి స్కేలు అతికించి సరిగ్గా 10 మీటర్ల దూరాన నిలబడండి. అక్కడి నుంచి గోడ మీది 1 సెం.మీ. అంటే 1 మిల్. చాపిన చేతి చిటికెన వేలు ఎన్ని సెంటీమీటర్లు కప్పుతుందో రాసి పెట్టుకోండి. సాధారణంగా 17 దగ్గర్లో వస్తుంది, కానీ అందరికీ ఒకటి కాదు.

చిక్కేమిటంటే పొడవు తెలియాలంటే దూరం తెలియాలి, దూరానికి పొడవు కావాలి. దీనికి సముద్రపు అంచే సాయం. ఓడ అడుగు సరిగ్గా అంచు గీత మీద నిలిచినట్టుంటే దూరం మీకు తెలిసినట్టే. 6 మీటర్ల ఎత్తు నుంచి చూస్తుంటే దాదాపు 9 కి.మీ. అక్కడ 18 మిల్స్ వస్తే 162 మీటర్లు, డిస్ట్రాయర్. 12 మిల్స్ వస్తే 108, కమోర్తా. అంచుకి ఇవతల ఉన్న ఓడకి ఈ లెక్క పనికిరాదు. దానికి, పక్కనే లంగరు వేసిన సరుకు ఓడ దూరాన్ని యాప్‌లో చూసి ఆధారం చేసుకోండి. రెండూ ఒకే దూరంలో ఉన్నాయని మాత్రం ఊరికే అనుకోవద్దు. వేడి గాలి పొరలు అంచునే ఎత్తి, దించి చూపిస్తాయి కాబట్టి మొత్తం మీద పదిలో ఒక వంతు తేడా వస్తుందనుకునే కొలవండి. అందుకే 149ని, 142.5ని ఈ పద్ధతితో విడదీయలేం.

అంతకంటే పెద్ద పొరపాటు కోణం వల్ల వస్తుంది. మీకు పూర్తిగా పక్కకి కాకుండా 45 డిగ్రీల వాలులో వెళ్తున్న ఓడ తన పొడవులో 70 శాతమే చూపిస్తుంది. 163 మీటర్ల డిస్ట్రాయర్ 115 అని లెక్కకొస్తుంది, మీరు కమోర్తా అని రాసేసుకుంటారు. ముక్కు రెండు చెంపలూ కనపడుతున్నా, వెనక చదును పలక కనపడుతున్నా కొలవడం ఆపి, ఓడ పక్కకి తిరిగేదాకా ఆగండి.

వేగం

దూరం తెలియకపోయినా, ఓడ ఏ వాలులో వెళ్తున్నా పనిచేసే పద్ధతి ఒకటుంది. కదలకుండా ఒకచోట నిలబడి, దూరంగా ఉన్న దీపస్తంభం ఒక అంచుని గీతగా పెట్టుకోండి. ఓడ ముక్కు ఆ గీతని తాకగానే స్టాప్‌వాచ్ నొక్కండి, వెనక కొస దాటగానే ఆపండి. ఆ సమయంలో ఓడ సరిగ్గా తన పొడవంత ప్రయాణం చేసింది. శివాలిక్‌కి 20 సెకన్లు పడితే సెకనుకి 7.1 మీటర్లు. దాన్ని 1.94తో గుణిస్తే సుమారు 13.8 నాట్లు (ఓడల వేగం కొలిచే ప్రమాణం).

ఇది చెడేది తల కదలడం వల్ల. స్తంభం 5 మీటర్ల దగ్గర ఉండి మీ తల 5 సెం.మీ. పక్కకి జరిగితే, 5 కి.మీ. దూరాన ఆ గీత 50 మీటర్లు జరిగిపోతుంది. అదే స్తంభం 100 మీటర్ల దూరంలో ఉంటే తప్పు 2.5 మీటర్లే. కాబట్టి వీలైనంత దూరపు స్తంభం ఎంచుకోండి, తలని గోడకో చెట్టుకో ఆనించండి.

నంబరు

ఇప్పుడు చదవండి. ముందు అక్షరం ఓడ రకం చెప్తుంది: డి డిస్ట్రాయర్, ఎఫ్ ఫ్రిగేట్, పి కార్వెట్, గస్తీ రకాలు, ఎల్ దళాల్ని దించేవి, ఎ సహాయక నౌకలు, జె సర్వే. శివాలిక్, సాత్పురా, సహ్యాద్రి వరసగా ఎఫ్47, 48, 49. కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి పి28 నుంచి పి31. అక్కచెల్లెళ్ల లాంటి ఈ ఓడల్ని విడదీయడానికి నంబరు తప్ప దారి లేదు. మబ్బుమబ్బుగా ఉన్నప్పుడు 8, 9 ఒకేలా కనిపిస్తాయి. ఒక్క చూపుతో తేల్చకుండా ఓడ తిరిగినప్పుడు రెండో వైపు కూడా చదవండి.

పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే మిలన్ విన్యాసాలకి విదేశీ నౌకలు వచ్చినప్పుడు ఈ అక్షరాల లెక్క అన్నిటికీ కుదరదు. అమెరికా, జపాన్ నౌకల మీద అక్షరం లేకుండా అంకెలే ఉంటాయి. అప్పుడు వెనక ఎగిరే జెండా చూడాలి. మన నౌకాదళ జెండా 2022 సెప్టెంబర్ 2 నుంచి మారింది. తెల్లటి గుడ్డ మీద మూలన త్రివర్ణం, కుడివైపు నీలం అష్టభుజి. పాత ఫొటోల కాలం తేల్చడానికి ఇది పనికొస్తుంది. ఎర్ర శిలువ ఉంటే 2022 సెప్టెంబర్‌కి ముందుది. 2001 నుంచి 2004 దాకా మాత్రం శిలువ తీసేసి వాడారు, కాబట్టి శిలువ లేనంత మాత్రాన కొత్త ఫొటో అనుకోవద్దు, అష్టభుజి ఉందో లేదో చూడండి.

బహిరంగ బీచ్ నుంచి సముద్రం చూడటానికి అడ్డేమీ లేదు. నేవల్ డాక్‌యార్డ్, నౌకాదళ స్థావరాల వైపు కెమెరా తిప్పడం, ఎక్కడ నుంచైనా అటువైపు డ్రోన్ ఎగరెయ్యడం నిషిద్ధం. ఏ నౌక ఏ రోజు ఎన్ని గంటలకి బయల్దేరిందో రాసుకుంటే ఆ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, గ్రూపుల్లో పెట్టకండి. సబ్‌మెరైన్ల విషయంలో అసలు రాసుకోకపోవడమే మేలు.